ఓలీ క్లాసా, కుర్రాళ్ల క్లాసా: అమెరికాలో మా వయసువాళ్లకు ఏది మేలు?

మొన్న గుడిలో భోజనాల దగ్గర ఒకావిడ నా పక్కన కూర్చుని, "వదినగారూ, మీరు యూనివర్సిటీకి వెళ్తున్నారటగా! మమ్మల్నీ రానిస్తారా? దేంట్లో చేరమంటారు?" అని అడిగారు. ఈ మాట నన్నడిగినవాళ్లలో ఆవిడ నాలుగో మనిషో ఐదో మనిషో. పులిహోర తింటూ రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదిది. వివరంగా రాస్తే పిల్లల దగ్గరికొచ్చి ఉంటున్న మిగతావాళ్లకీ పనికొస్తుందని కూర్చున్నాను.

మేముండేది టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరాన. నాకు 68 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లె. ఇంటర్ అవగానే పెళ్లయింది. తర్వాత పోస్టాఫీసులో ఉద్యోగం, బి.ఏ. ప్రైవేటుగా కట్టి గట్టెక్కాను. ఆయన పోయాక మా అమ్మాయి గ్రీన్‌కార్డు తెప్పించి తన దగ్గరికి తెచ్చుకుంది. వచ్చిన కొత్తలో ఏడాదిపాటు పొద్దున వంట, సాయంత్రం మనవడి స్కూలు బస్సు, మధ్యలో టీవీ. ఆ తర్వాత రెండేళ్లలో పెద్దవాళ్ల కోసం విడిగా పెట్టే ఓలీ క్లాసుల్లోనూ, డిగ్రీ పిల్లల క్లాసులోనూ కూర్చున్నాను కాబట్టి పోల్చి చెప్పగలను.

మొదటిది ఓలీ. పూర్తి పేరు ఓషర్ లైఫ్‌లాంగ్ లెర్నింగ్ ఇన్‌స్టిట్యూట్. బెర్నార్డ్ ఓషర్ అనే వ్యాపారవేత్త పెట్టిన ఫౌండేషన్ 2001లో సదరన్ మెయిన్ యూనివర్సిటీకి డబ్బిచ్చి మొదలుపెట్టించింది. ఇప్పుడు దేశమంతటా 120కి పైగా ఉన్నాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే చోట్లే చూస్తే న్యూజెర్సీలో రట్గర్స్, వర్జీనియాలో జార్జ్ మేసన్, కాలిఫోర్నియాలో శాంటా క్లారా యూనివర్సిటీలకు ఓలీలున్నాయి. 50 దాటినవాళ్ల కోసం పెట్టినవి. పరీక్షల్లేవు, మార్కుల్లేవు, పాత సర్టిఫికెట్లు అడగరు. ఒక్కో కోర్సు మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు, వారానికో పూట. పాఠం చెప్పేవాళ్లలో రిటైరైన ప్రొఫెసర్లుంటారు, ఒకే పనిలో జన్మంతా గడిపి దాని గుట్టుమట్లు తెలిసినవాళ్లుంటారు. ఈ టర్మ్‌లో మన పక్కన కూర్చున్న మనిషే వచ్చే టర్మ్‌లో ముందు నిలబడి చెప్పడమూ ఉంది. ఆలోచన ఓషర్ గారితో పుట్టింది కాదు. న్యూయార్క్‌లోని న్యూ స్కూల్ 1962లోనే రిటైరైనవాళ్ల కోసం ఇలాంటిది పెట్టింది. ఫ్రాన్స్‌లో తులూజ్ యూనివర్సిటీ 1973లో ఇంకోటి తెరిచింది.

రెండోది మామూలు డిగ్రీ పిల్లలతో కలిసి, వాళ్ల క్లాసులోనే కూర్చోవడం. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ యూనివర్సిటీలు పెద్దవాళ్లకు ఈ వీలు కల్పిస్తాయి. టెక్సాస్ చట్టం ప్రకారం 65 దాటినవాళ్లకు, క్లాసులో ఖాళీ ఉంటే, సెమిస్టర్‌కి ఆరు క్రెడిట్ల (అంటే డిగ్రీ లెక్కలోకి వచ్చే పాయింట్ల) దాకా ట్యూషన్ ఫీజు లేకుండా చెప్పవచ్చు. క్రెడిట్లు అక్కర్లేదు, ఊరికే వింటామంటే దాన్ని ఆడిట్ అంటారు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీల్లో 60 దాటిన ఆ రాష్ట్రం వాళ్లకు ఫీజు మాఫీ ఉంది. రట్గర్స్‌లో 62 దాటి రిటైరైన న్యూజెర్సీ వాళ్లు ఖాళీ ఉన్న క్లాసులు ఆడిట్ చేసుకోవచ్చు. పుస్తకాలు, పార్కింగ్ ఖర్చు మనదే.

ఇక చదువు సంగతి. నిజం చెప్పాలంటే చదువు లోతులో ఓలీ రెండోదానికి సాటి రాదు.

నేను పిల్లల క్లాసులో ఖగోళశాస్త్రం ఆడిట్ చేశాను. చిన్నప్పుడు ఎండాకాలం డాబా మీద పడుకుని సప్తర్షి మండలం చూపించమని నాన్నను సతాయించేదాన్ని. ఆ కోరిక అక్కడే ఆగిపోయింది. సెమిస్టర్ పదిహేను వారాలు, వారానికి రెండు క్లాసులు. మొదటి నెలంతా కష్టంగా నడిచింది. పాఠం నెమ్మదిగా పునాది వేసుకుంటూ వెళ్తుంది, మధ్యలో ఒక్క క్లాసు పోయినా తర్వాతది అర్థం కాదు. ఐదో వారంలోనో ఆరో వారంలోనో ప్రొఫెసర్ సోడియం దీపం పెట్టి, దాని వెలుగును విడదీసి చూపించాడు. నల్లటి పట్టీ మీద ప్రకాశంగా పసుపు గీత. నిజానికి అవి రెండు గీతలట, బాగా దగ్గర దగ్గరగా ఉంటాయట. ఏ మూలకమైనా ఆవిరిగా ఉండి వేడెక్కితే తనకంటూ ఉన్న గీతల్నే వెలిగిస్తుందని, నక్షత్రాల్లో ఏముందో ఇక్కడ కూర్చుని ఆ గీతల్నిబట్టే చెబుతారని వివరించాడు. నాకు ఉన్నట్టుండి వంటిల్లు గుర్తొచ్చింది. చారు పొంగి పొయ్యి మీద పడ్డప్పుడల్లా నీలం మంట పసుపుగా భగ్గుమంటుంది కదా! అది చారులోని ఉప్పు, ఉప్పులోని సోడియం. నలభై ఏళ్లు చూశాను, ఒక్కసారీ ఎందుకని అడగలేదు. ఇంటికొచ్చి మనవణ్ణి దూరంగా నిలబెట్టి, చిటికెడు ఉప్పు మంట మీద చల్లి చూపించాను. వాడికి నా పాఠం, నాకు ప్రొఫెసర్ పాఠం. ఇది ఆరు వారాల కోర్సులో దొరికేది కాదు. ఓలీలో ఖగోళం కోర్సు కూడా విన్నాను. మంచి ఫొటోలు చూపించారు, మంచి కబుర్లు చెప్పారు. కానీ ఆ గీతల దాకా వెళ్లలేదు.

ఓలీలో ఇంకో లోపం, ఒక్కో క్లాసు ఒక్కో తీరున ఉంటుంది. కొందరు ప్రాణం పెట్టి చెబుతారు. ఒకాయన మాత్రం ఆరు వారాలూ స్లైడ్ల మీదున్నది చదివి వెళ్లిపోయాడు. అడిగే ప్రిన్సిపాల్ ఉండడు, పరీక్ష లేదు, నచ్చకపోతే మనమే మానుకోవాలి.

మరి ఇంత చెప్పి, మా వయసువాళ్లలో పదిమందికి ఎనిమిదిమందిని ఓలీకే పంపుతాను. ఎందుకో చెబుతాను.

పిల్లల క్లాసులో నేను పదిహేను వారాలు కూర్చున్నాను. ఎనభై మంది ఉన్న గది. నా పక్క కుర్చీలో రోజూ ఒకే అమ్మాయి కూర్చునేది, నెమ్మదైన పిల్ల, తలుపు దగ్గర కనిపిస్తే ఆగి పట్టుకునేది. చివరి రోజు దాకా ఆ అమ్మాయి పేరు నాకు తెలీదు. తప్పు వాళ్లది కాదు. గంట కొట్టగానే ఇంకో క్లాసుకో, ఉద్యోగానికో పరిగెత్తాలి పాపం. పైగా ఆడిట్ చేసేవాళ్లు ప్రశ్నలడిగి పిల్లల సమయం తినకూడదని ఒక మర్యాద ఉంది, అది న్యాయమే కూడా. ఫీజు కట్టి, మార్కుల కోసం చదువుతున్నది వాళ్లు. అంచేత వారానికి రెండుసార్లు అంతమంది మధ్యకెళ్లి నోరు విప్పకుండా తిరిగొచ్చేదాన్ని.

ఓలీలో గదిలోకి అడుగుపెట్టగానే మెడలో వేసుకోమని పేరు రాసిన బ్యాడ్జీ ఇస్తారు. ఇంట్లో నేను అమ్మని, అమ్మమ్మని. బయట అందరికీ ఆంటీని. ఈ దేశమొచ్చాక నన్ను పేరు పెట్టి పిలిచిన మొదటి చోటు అదే. మాస్టారు మైకు పట్టుకునే మాట్లాడతారు. వినపడకపోతే వెనక వరసలోంచి ఎవరో ఒకరు చెయ్యెత్తి "ఇంకాస్త గట్టిగా" అంటారు, ఎవరూ తిరిగి చూడరు. మన ఇంగ్లీషు సరిగా రాదేమోనన్న బెరుకు అక్కడ తొందరగా పోతుంది, ఎందుకంటే గదిలో సగంమందికి చెవులు సరిగా వినపడవు, అందరూ రెండోసారి చెప్పించుకుంటారు. కొన్ని కోర్సులు జూమ్‌లో కూడా పెడతారు. అక్కడైతే మాటలు తెర మీద అక్షరాల్లో వస్తాయి, ఇక్కడి యాసకు అలవాటు పడేదాకా అది పెద్ద ఆసరా.

రెండో టర్మ్‌లో కోర్సు నడిపే ఆవిడ, మీ ఊరి నుంచి ఏదన్నా మాకు చెప్పకూడదా అని అడిగింది. గంటన్నర పాఠం, ముగ్గుల మీద. పెద్ద తెల్ల కాగితాలు పరిచి, అందరి చేతికీ స్కెచ్ పెన్నులిచ్చి, పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వరకు అని నాలుగుసార్లు చెప్పాను. మధ్య వరసలో పదిహేను, దానికి అటూ ఇటూ సందుల్లో పద్నాలుగేసి, ఆపైన పదమూడేసి, అలా ఎనిమిది దాకా తగ్గించుకుంటూ పోవాలి. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. మొత్తం ఎన్ని చుక్కలని అడిగాడు. యాభై ఏళ్లుగా పెడుతున్నాను, ఎప్పుడూ లెక్కెయ్యలేదు. అక్కడే కూడాం. మధ్యన 15, ఒక్కో పక్క 77, వెరసి 169. ఆయన కాగితాన్ని కాస్త వంచి చూసి, ఇది తేనెపట్టు ఆకారం, ఆరు పక్కలు, ఒక్కో పక్కకి ఎనిమిదేసి చుక్కలు అన్నాడు. నిజమే. సంక్రాంతికి వాకిట్లో పెట్టేటప్పుడు చేతికి తెలిసిన ఆకారం ఆ రోజు నా కళ్లకు తెలిసింది. పిల్లల క్లాసులో ఎంత గొప్ప పాఠం విన్నా, నేను ఇవ్వడానికి అక్కడ చోటు లేదు.

ఇక రాకపోకలు. డాలస్ చుట్టుపక్కల కారు లేకపోతే కాలు కదలదు, మాలో చాలామందికి డ్రైవింగ్ రాదు. ఏది మేలో తేల్చేది చాలాసార్లు ఇదే. పిల్లల క్లాసు టైము మనం మార్చలేం, సెమిస్టర్ మొత్తం వారానికి రెండు మూడుసార్లు దింపి తీసుకురావాలంటే మా అమ్మాయి ఆఫీసు మీటింగులు వదులుకోవాల్సి వచ్చేది. ఓలీలో మూడో వారానికే దారి దొరికింది. మా వీధికి నాలుగు వీధుల అవతల ఉండే ఒక రిటైర్డ్ నర్సు, నేను మీ ఇంటి మీదుగానే వెళ్తాను కదా అంది. ఇప్పుడు ఆవిడే ఎక్కించుకెళ్తుంది. నేను శనివారాలు ఆవిడకు గోంగూర పచ్చడో దోసెల పిండో పంపిస్తాను.

కాగితాల పని కూడా ఓలీకే తేలిక. సభ్యత్వం కట్టి, నచ్చిన కోర్సులు ఎంచుకుంటే అయిపోతుంది. ఫీజు చోటుని బట్టి మారుతుంది, ఇబ్బందిగా ఉంటే అడగండి, తగ్గించే చోట్లు ఉన్నాయి. పిల్లల క్లాసుకైతే దరఖాస్తు, గుర్తింపు కాగితాలు, ప్రొఫెసర్ సంతకం. అన్నీ అయ్యాక, ఫీజు కట్టే పిల్లలందరూ చేరాకే మన వంతు. మొదటి సెమిస్టర్‌లో నాకు సీటు లేదన్నారు. ఆ సంగతి క్లాసులు మొదలైన రోజున గాని తెలియలేదు. నాలుగు నెలలు ఆగాను.

ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. డిగ్రీకి పనికొచ్చే క్రెడిట్ చదువు ఆ వీసా మీద కుదరదు. సరదాకి నేర్చుకునే, క్రెడిట్ లేని చిన్న కోర్సులకు అభ్యంతరం లేదు. కాబట్టి వాళ్లు ఓలీ వైపే చూడాలి, చేరేముందు ఆఫీసులో వీసా సంగతి చెప్పి అడగాలి.

ఇంట్లోనే ఉండి చదువుకుంటామనేవాళ్లకు భారత ప్రభుత్వం 2017లో తెచ్చిన స్వయం అనే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఉంది, పాఠాలు ఉచితం. అక్కడ హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకైతే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది, 1982లో పెట్టినది, దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. మా చెల్లెలు గుంటూరులో కూర్చుని స్వయంలో పాఠాలు వింటోంది, సంతోషంగా ఉంది. కానీ దానికి సాయంత్రం అరుగు మీద కూర్చుంటే మాట్లాడటానికి వీధంతా ఉంది. ఇక్కడ ఆ అరుగు లేదు. అందుకే అమెరికాలో ఉన్నవాళ్లకు తెర ముందు చదువే చాలని నేను చెప్పను.

దంపతులకు ఒక మాట. ఓలీలో చేరితే ఇద్దరూ వేరువేరు కోర్సుల్లో చేరండి. ఒకే క్లాసులో కూర్చున్న మన జంటల్ని నేను చూశాను. ఆయన ఇద్దరి తరఫునా మాట్లాడతాడు, ఆవిడ తలూపుతుంది. పక్క గదిలో ఉంటే అదే ఆవిడ రెండో వారానికల్లా చెయ్యెత్తుతుంది. కొడుకులూ కూతుళ్లూ కూడా అమ్మకు యోగా, నాన్నకు కంప్యూటర్ అని మీరే ఎంచి డబ్బు కట్టెయ్యకండి. జాబితా చేతికిచ్చి ఒక రోజు వదిలెయ్యండి.

గుడిలో అడిగిన ఆవిడ సంగతి. చీరాలలో హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. వయసు 66. ఇక్కడ కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. పక్కింట్లోనే చెల్లెలి కుటుంబం, గుడిలో భజన బృందం, మనుషులకు కొదవ లేదు. ఏం చదవాలనుంది అంటే తడుముకోకుండా కాలిక్యులస్ అన్నారు. బి.ఎస్సీ.లో సూత్రాలు బట్టీ పట్టి పాసయ్యారట, అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో మొదట్నుంచీ తెలుసుకోవాలట. ఆవిడకు ఓలీ వద్దని చెప్పాను. సెమిస్టర్ మొదలయ్యే రోజు మా అమ్మాయి సెలవు పెట్టి ఇద్దర్నీ తీసుకెళ్తానంది. పొద్దున ఎనిమిది గంటల సెక్షన్‌లో చోటు లేదంటే పదకొండు గంటల సెక్షన్ ఏ గదిలోనో కూడా కాగితం మీద రాసి పెట్టుకున్నాను.