పాత పంప్‌హౌస్ గోడకు సున్నమా, ఎమల్షనా?

విజయనగరంలో పోస్టర్ల చింపులతో, ఉమ్మి మరకలతో మిగిలిపోయిన పాత పంప్‌హౌస్ గోడపై వాడవాళ్లంతా కలిసి బొమ్మలు వేయాలనుకుంటే, నగరపాలక సంస్థ అనుమతి తీసుకున్నాక ముందుగా తేల్చుకోవలసింది రంగు సంగతి.

ఆక్రిలిక్ ఎమల్షన్‌లో, అంటే నీటితో కలిపే ప్లాస్టిక్ పెయింటులో, కోరిన రంగు దొరుకుతుంది, సన్నని గీత స్పష్టంగా నిలుస్తుంది, ప్రైమర్ వేసిన పొడి గోడపై కొన్నేళ్లు వానకు ఆగుతుంది. అయితే నేలలోని చెమ్మ పైకెక్కే గోడపై, లోపలి తేమకు దారి చాలక, అది బుడగలు కట్టి పెచ్చులుగా రాలుతుంది. తెల్లగా ఉప్పు పూసే అడుగు భాగంలోనే ఆ ఊడడం మొదలవుతుంది.

సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని కాల్షియం కార్బనేట్‌గా గట్టిపడుతూనే తేమను బయటికి వదులుతుంది. సున్నంలోని క్షారానికి చెడని జేగురు, పసుపు మట్టి వంటి రంగులే ఇందులో నిలుస్తాయి కనుక ఎంపిక తక్కువే. కానీ ఎర్రమట్టి అలికిన గోడపై బియ్యప్పిండితో సవర గిరిజనులు వేసే బొమ్మలను చూసినవారికి రెండు రంగుల్లో ఎంత జీవం పలుకుతుందో తెలుసు. సున్నం త్వరగా వెలిసిపోతుందన్నది నిజమే. అయితే ఏటా సంక్రాంతికి ఇళ్లకు వెల్ల వేసే రోజుల్లోనే ఈ గోడనూ దిద్దుకోవచ్చు, అప్పుడు కొత్త పిల్లల చేతికీ కుంచె అందుతుంది. సున్నం కళ్లలో పడితే ప్రమాదం కనుక దాన్ని తడపడం, కలపడం పెద్దలే చేయాలి. పాత ప్లాస్టిక్ పెయింటు ఉంటే పూర్తిగా గీకాలి, లేకపోతే సున్నం పట్టదు.

చెమ్మగిల్లే పంప్‌హౌస్‌కు నేను సున్నాన్నే కోరుకుంటాను. పొడిగా ఉండే వంతెన స్తంభాలకైతే ఎమల్షనే మేలు.