అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన రెండు సంపుటాల ఆక్స్‌ఫర్డ్

ఆదివారం అబిడ్స్‌లో బేరమాడి పద్దెనిమిది వందలకు తెచ్చుకున్నాను, 1971 నాటి కాంపాక్ట్ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ. 13 సంపుటాల నిఘంటువును, నాలుగేసి పేజీలు ఒక్క పేజీలో పట్టేలా కుదించి, రెండు సంపుటాలుగా అచ్చేశారు. అట్టపెట్టె పైన చిన్న సొరుగు, అందులో భూతద్దం. అది లేకుండా చదవడం నా కళ్లకైతే అయ్యే పని కాదు.

నాది కోర్టు కాగితాలు తెలుగు చేసే పని. రాజు హక్కులూ పదవులూ ఇచ్చే పాత బ్రిటిష్ పత్రాల్లో ‘మియర్ మోషన్’ అని వస్తుంది. మియర్ అంటే ‘కేవలం’ అని రాసేస్తే రాజుగారి పరువు పోయినట్టే. ఎవరి ఒత్తిడీ లేకుండా, అచ్చంగా తన ఇష్టంతోనే ఇచ్చాడని అక్కడి అర్థం. ఈ నిఘంటువులో ‘మియర్’ కింద మొదటి అర్థమే స్వచ్ఛమైన, ఏమీ కలపని అని. పక్కనే చిన్న బాకు గుర్తు. ఆ వాడుక పోయిందని దాని భావం. మూలం లాటిన్ ‘మెరుస్’. రోమన్లు వైన్‌లో మామూలుగా నీళ్లు కలుపుకునేవారు. కలపనిదాన్ని మెరుమ్ అనేవారు. కల్తీ లేనిది కాస్తా ‘అది తప్ప మరేమీ లేనిది’ అయి, చివరికి చులకనలోకి దిగింది. మన ‘ఉత్త’ లేదూ? ఉత్త అన్నం అంటే ఏమీ కలపనిది, ఉత్త మాటలంటే పనికిరానివి. మనకు రెండూ బతికే ఉన్నాయి, ఇంగ్లిషుకు మొదటిది పోయింది.

‘షియర్’ అనే ఇంగ్లిష్ మాట కూడా ఆ తోవలోదే. ‘రెండో రిచర్డ్’ నాటకంలో షేక్‌స్పియర్ దాన్ని తేటనీటి ఊటకు వాడాడు. ఇప్పుడు బట్టల కొట్టులో పల్చటి గుడ్డకు వినిపిస్తుంది.

కొత్త మాటల కోసమైతే దండగ. ఇందులో కంప్యూటర్ అంటే లెక్కలు కట్టే మనిషి! బరువు సంగతి చెప్పనక్కర్లేదు, ఒళ్లో పెట్టుకుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. నిజం చెప్పాలంటే భూతద్దం కన్నా ఫోన్ కెమెరాయే నయం.

కొనేవాళ్లు ‘ఓ’ దాకా ఒకటి, ‘పీ’ నుంచి మరొకటి, రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. సొరుగు లాగి చూడండి. అద్దం లేకపోతే రెండొందలు తగ్గించమనండి, తగ్గిస్తారు.