బీఎడ్ రెండో ఏడాది: ఇంటర్న్‌షిప్పా, డీఎస్సీ కోచింగా?

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఎడ్‌లో 20 వారాల పాఠశాల ఇంటర్న్‌షిప్ ఉంది, అందులో ఎక్కువ భాగం రెండో ఏడాదిలోనే వస్తుంది. ఆ వారాలు బడికి వెళ్లాలా, రికార్డులు ఎలాగో పూర్తిచేసి ప్రభుత్వ ఉపాధ్యాయ నియామక పరీక్ష డీఎస్సీ కోచింగ్‌లో చేరాలా అని ఛాత్రోపాధ్యాయులు ఏటా అడుగుతూనే ఉంటారు.

కోచింగ్ వాదనను తేలిగ్గా తీసిపారేయలేము. డీఎస్సీ ర్యాంకులో రాతపరీక్షకు 80, ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంటుంది. ఇంటర్వ్యూ గానీ, డెమో గానీ లేవు కనుక పాఠం ఎంత చక్కగా చెప్పినా అందుకు ఒక్క మార్కూ కలవదు. అయితే ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత నియామకాల దాకా వెళ్లిన పెద్ద డీఎస్సీ 2025లో గానీ రాలేదు. అందులో 16,347 పోస్టులున్నా, అన్నేళ్లు ఇల్లు గడవాలంటే ప్రైవేటు పాఠశాలే దిక్కు. అక్కడ ఉద్యోగం తేల్చేది డెమో క్లాసు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, మనం పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చుని చూసే అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు దొరకడం. ఎనిమిదో తరగతిలో సమీకరణాలు చెబుదామని వెళితే సగం మందికి భిన్నాల కూడిక రాదని తెలిసినప్పుడు, రాసుకెళ్లిన పాఠ్యపథకాన్ని పక్కనపెట్టి మిగిలిన పీరియడును ఎలా నడపాలో ఏ స్టడీ మెటీరియలూ చెప్పదు. మనం ఒక్కసారి కూడా ప్రశ్న అడగని పిల్లలెవరో, బోర్డు మీద రాస్తూ తరగతికి ఎంతసేపు వీపు చూపామో ఆ వెనక బెంచీ నుంచే కనిపిస్తుంది. ఉద్యోగంలో చేరాక సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడిగేవారే తప్ప ఇలా చూసి చెప్పేవారు అరుదు. టెట్‌లోని 150 మార్కుల్లో 30 శిశువికాసం, అధ్యాపన శాస్త్రానివే కాబట్టి బడిలో గడిపిన కాలం పరీక్షకు బొత్తిగా పనికిరాకుండా పోదు.

స్పోకెన్ ఇంగ్లిష్, కంప్యూటర్ కోర్సులు మంచివే, సెలవుల్లో చేసుకోవచ్చు.

కోచింగ్ ఏ ఏడాదైనా దొరుకుతుంది కాబట్టి నేను ఇంటర్న్‌షిప్ వైపే మొగ్గుతాను. బీఎడ్‌కు ముందే కొన్నేళ్లు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పినవారు మాత్రం కోచింగ్‌కు ఎక్కువ సమయం ఇవ్వడంలో తప్పులేదు. కేటాయించిన బడిలో మిమ్మల్ని సెలవు పెట్టినవారి పీరియడ్లకే పంపుతుంటే, వారానికి రెండు పాఠాలైనా సబ్జెక్టు టీచరు కూర్చుని చూసేలా ఏర్పాటు చేయమని ప్రధానోపాధ్యాయులను మొదటి వారంలోనే అడగండి.