నాగార్జునకొండకు శుక్రవారం వెళ్ళకండి

నాగార్జున సాగర్ మధ్య దీవి మీదున్న నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఈ ఒక్క ముక్క తెలియక మాకు ఒక రోజు, 1,600 రూపాయలు పోయాయి.

బయల్దేరే ముందే, లాంచీలు బయల్దేరే ఊరు విజయపురి సౌత్‌లో మేం దిగబోయే లాడ్జికి ఫోన్ చేసి మరీ అడిగాను. "రోజూ తీసే ఉంటుందండీ, వచ్చేయండి" అన్నాడు కౌంటర్ దగ్గరతను. శుక్రవారం పొద్దున్నే లాంచీల రేవుకి వెళ్తే, ఇవాళ మ్యూజియం లేదన్నారు. వెనక్కొచ్చి నిలదీశాను. "ఇంకో రాత్రి ఉండి రేపు చూసుకోండి" అన్నాడు. పొరపాటు మీదే కదా, సగం అద్దె తీసుకోమంటే ససేమిరా అన్నాడు. పోనీ గది బాగుందా అంటే, బాత్రూంలో బకెట్ నిండడానికి అరగంట పట్టేది. నాకు ఇప్పటికీ మండుతోంది. అమ్మ రిటైరైన సోషల్ టీచరు, ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల పాఠం ఏళ్ళ తరబడి చెప్పిన మనిషి. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

ఆటోకి 500 ఇచ్చి అనుపు వెళ్ళొచ్చాం. ముంపు ప్రాంతం నుంచి తరలించి మళ్ళీ కట్టిన పాతకాలపు మెట్ల రంగస్థలం చూడాల్సిందే, కానీ ఎండ ముదరకముందే వెళ్ళండి.

శనివారం లాంచీలో ముప్పావు గంట. మ్యూజియంలో నిలువెత్తు బుద్ధుడు, బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనాలు, సున్నపురాతి శిల్పాలు ఎన్నో ఉన్నాయి. అమ్మను కట్టిపడేసింది మాత్రం మునిగిపోయిన లోయ నమూనా. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది ఆ లోయలోనే. విహారాలు, స్తూపాలు, నది ఒడ్డున స్నానఘట్టం ఎక్కడెక్కడ ఉండేవో అందులో కనిపిస్తాయి. సాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగింది. నీళ్ళు వచ్చేలోపు దొరికినంత దక్కించుకోవాలని 1954 నుంచి 1960 దాకా ఈ లోయంతా తవ్వారు. ఇప్పుడు మనం నిలబడే దీవి అప్పటి కొండ శిఖరం.

"అయితే మనం లాంచీలో వచ్చింది విజయపురి మీదుగానే కదరా" అంది అమ్మ. ఇక అక్కడి నుంచి కదల్లేదు.

మాకు దీవి మీద ఇచ్చింది గంటే. అశ్వమేధ వేదిక దగ్గర పరుగులు పెట్టాల్సి వచ్చింది. మ్యూజియానికే గంటన్నర కావాలి. తర్వాతి లాంచీలో తిరిగి రానిస్తారేమో టికెట్ కొనేటప్పుడే అడగండి.

రేవు దగ్గర చిన్న హోటల్లో చేపల పులుసు భోజనం, మనిషికి 140. అమ్మ రెండోసారి పులుసు వేయించుకుంది.