పశువుల కొట్టానికి టార్పాలిన్ పరదాలు: నాలుగు చలికాలాలు వాడాక

మా కొట్టానికి వెనక గోడ, పైన రేకులు, అంతే. మూడు వైపులా బార్లా తెరిచే ఉంటుంది. వేసవికి హాయే గానీ, తొట్టిలో నీళ్లు గడ్డకట్టే చలికి ఆవులన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మూలకు చేరేవి. గోడలు కట్టించే స్తోమత లేక మందపాటి టార్పాలిన్ కట్టాను.

మొదటి ఏడు చేసిన తప్పు ముందు చెప్తా. సందు లేకుండా మూస్తేనే వెచ్చన అనుకుని చూరు దాకా బిగించేశాను. మూడో రోజు తెల్లారుజామున వెళ్తే రేకుల అడుగు నుంచి ఆవుల వీపుల మీద టపటపా నీళ్లు. వాటి ఊపిరే పైకెళ్లి, చల్లటి రేకు తగిలి నీరై కారుతోంది. మూత్రం ఘాటుకి నా కళ్లు మండాయి, రెండు దూడలు దగ్గుతున్నాయి. ఒళ్లు పొడిగా ఉండి చలికాలపు బొచ్చు దట్టంగా పట్టిన ఆవు మైనస్ 7, 8 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. అదే బొచ్చు తడిస్తే 15 డిగ్రీలకే ఒంటి వేడి నిలుపుకోవడానికి తంటాలు పడుతుంది. చలి తగలకూడదని నేనే వాటిని తడిపి పెట్టానన్నమాట.

ఆ పూటే చూరు కింద జానెడున్నర సందు వదిలాను. గాలి కొట్టే రెండు వైపులే మూసి, ఎండ పడే వైపు తెరిచేశాను. వారంలో దగ్గు తగ్గింది.

ఇక సరుకు సంగతి. గుడ్డ గట్టిదే, అంచు రింగులే దండగ. తాడు కట్టి లాగితే ఒక్క ఈదురుగాలికి ఊడొచ్చాయి. తర్వాత అంచును రీపరుకి, అంటే సన్న చెక్క బద్దకి, రెండు చుట్లు చుట్టి, పైన ఇంకో రీపరు పెట్టి స్క్రూలు బిగించాను. మళ్లీ చినగలేదు. మధ్యలో ఫటఫట కొట్టుకోకుండా అడ్డంగా తాళ్లు లాగాలి. ఆ మోతకి కొత్తగా తెచ్చిన పెయ్య రెండు రాత్రులు పడుకోలేదు. కింది అంచు మంచులో కూరుకుపోతే నేలకి అతుక్కుపోతుంది, పీకితే చినుగుతుంది. అందుకే బెత్తెడు పైకే ఆపి, లోపల గడ్డి బేళ్లు పేర్చాను. మేకలు ఆ గోడని మేసేశాయనుకోండి, అది వేరే కథ.

ఎండాకాలం విప్పి, ఆరబెట్టి, మడిచి దాచినది నాలుగేళ్లొచ్చింది. బద్ధకించి వదిలేసిన ముక్క రెండో ఏడే అప్పడంలా విరిగింది.

ఈసారి గాలి ఎక్కువ కొట్టే వైపు టార్పాలిన్ తీసేసి, సన్న కన్నాల గాలి వల కట్టాను. గుడ్డని దాటుకుని వచ్చిన గాలి లోపల సుడి తిరిగేది. వలలోంచి నెమ్మదించి వస్తోంది. ఆవులు ఇప్పుడు ఆ వైపు కూడా పడుకుంటున్నాయి.