టెన్త్ ఇంగ్లిష్: సీబీఎస్ఈనా, ఐసీఎస్ఈనా?

పిల్లల్ని ఎందులో వెయ్యాలి అని అడిగేవాళ్లకి నేను ముందు ఇంగ్లిష్ పేపర్లే చూపిస్తా. సీబీఎస్ఈ టెన్త్‌లో రాతపరీక్ష ఒకటే, 80 మార్కులు, అందులో 40 లిటరేచర్‌కి, రైటింగ్ అంటే ఒక లెటరు, ఒక పేరా, రెండూ కలిపి 10 మార్కులే. ఐసీఎస్ఈలో లాంగ్వేజ్‌కీ లిటరేచర్‌కీ 80 చొప్పున వేర్వేరు పేపర్లు, షేక్‌స్పియర్ నాటకం ఒకటి నైన్త్, టెన్త్ రెండేళ్లూ సాగుతుంది, పైగా 300 నుంచి 350 పదాల వ్యాసం సొంతంగా రాయాలి, దానికే 20 మార్కులు. బరువెక్కువే, చదివే అలవాటు లేని పిల్లలకి నైన్త్‌లో చుక్కలు కనిపిస్తాయి. కానీ రాయడం వచ్చేది అక్కడే అండి, వంద పదాల పేరాలో పిల్లాడు అసలు విషయానికి వచ్చేలోపే అయిపోతుంది. సీబీఎస్ఈలో వేస్తే మాత్రం ఇంట్లో వారానికో వ్యాసం రాయించండి, ప్లీజ్.