లోగోకి పులసా, బావురుపిల్లా?

ఫొటోలు తీసే పని మొదలుపెట్టాక నాకంటూ ఒక లోగో ఉండాలనిపించింది. ఉండేది అమలాపురంలో కాబట్టి మన గోదారి జీవే కావాలనుకున్నాను. చివరికి రెండు మిగిలాయి.

పులస సంగతి అందరికీ తెలుసు. సముద్రంలో తిరిగే చేప, గోదారికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో గుడ్లు పెట్టడానికి ఎదురీదుతూ వస్తుంది. ఆ ఎదురీతంటే నాకు ప్రాణం. గీయడమూ తేలికే: ఒక వంపు వీపు, ఇంకో వంపు పొట్ట, చివర చీలిన తోక. కానీ బాగా చిన్నది చేస్తే ఏ చేపైనా ఒకేలా కనిపిస్తుంది. పైగా చూసినవాళ్లకి ముందు పులుసే గుర్తొస్తుంది.

బావురుపిల్లి కోరింగ మడ అడవుల్లో ఉంటుంది. నీళ్లలోకి దిగి చేపలు పట్టే పిల్లి. ఒడ్డున కదలకుండా కాచుకుని కూర్చుంటుంది, ఫొటోలు తీసేవాళ్లు చేసేదీ అదే. మొదట ఒంటి మీద మచ్చలన్నీ గీశాను. రబ్బరు స్టాంపు సైజుకి తగ్గించేసరికి సిరా ఒలికినట్టు ముద్దైపోయింది. మచ్చలు తీసేసి గుండ్రటి చిన్న చెవులు, నుదుటి మీద మూడు చారలు, పొట్టి తోక, కాళ్ల కింద ఒక నీటి గీత ఉంచాను. అప్పుడు ఒక్క నలుపు రంగులోనే చక్కగా నిలబడింది. ఆ చారలు కూడా తీసేస్తే మాత్రం ఇంట్లో పిల్లే!

నా ఓటు బావురుపిల్లికే. మీది హోటలో చేపల వ్యాపారమో అయితే ఆలోచించకుండా పులసని తీసుకోండి.